కటింగ్ షాపులో గ్రూప్ ఫొటో షూట్: అక్కాతమ్ముళ్ల వాదోపవాదం

అమెరికాలోని నార్త్ కరోలినాలో, కేరీ, రాలీ వైపు ఉండే తెలుగువాళ్ల కెమెరా బృందం ఒకటి శనివారం మౌంట్ ఎయిరీ వెళ్లి, అక్కడి పాత ఫ్లాయిడ్స్ సిటీ బార్బర్ షాపులో ఫొటో షూట్ పెట్టుకుందామనుకుంది. ఏర్పాట్లు తమ్ముడివి. అభ్యంతరం అక్కది.

తమ్ముడు: ఆ షాపులో ఫొటోలు వద్దంటావేంటక్కా? గోడల నిండా ఉన్నవి ఫొటోలే. రస్సెల్ హయాట్ 60 ఏళ్లకు పైగా అక్కడ కటింగ్ చేశాడు. వచ్చినవాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీసి గోడకు పెట్టేవాడు. అలా వేల ముఖాలు చేరాయి. టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రీ కూడా ఉంది.

అక్క: ఎవరు తీశారో నువ్వే చెప్పావుగా. షాపతను తీశాడు, తన దగ్గరికి వచ్చిన మనిషిని పలకరించి, ఒక్కొక్కరినీ. మనమేమో లైట్లు, ట్రైపాడ్లు వేసుకుని మందగా పోయి ఇప్పుడున్న షాపువాళ్లనే తీస్తామంటున్నాం. అదీ శనివారం. నిజంగా కటింగ్‌కి వచ్చినాయన ఎక్కడ నిలబడాలి?

తమ్ముడు: ఆ ఊరికి జనం వచ్చేదే అందుకు. నటుడు ఆండీ గ్రిఫిత్ 1926లో పుట్టింది అక్కడే. ఆయన టీవీ షో 1960 నుంచి 1968 దాకా వచ్చింది. అందులోని కల్పిత ఊరు మేబెరీ, బార్బర్ పేరు ఫ్లాయిడ్. ఆ పేరే తర్వాత ఈ సిటీ బార్బర్ షాపుకి చేరింది. బట్టల మిల్లులు పోయాక ఊరికి ఆదరువు ఈ సందర్శకులే.

అక్క: సందర్శకుడు గుమ్మం దగ్గర ఒక ఫొటో తీసుకుని పోతాడు, సగం రోజు షాపుని ఆక్రమించడు. సరే, అది చిన్న గొడవ. నువ్వు గ్రూపులో పెట్టిన థీమ్ సంగతి చెప్పు. ‘ఆ పాత మంచి రోజులు’, బ్లాక్ అండ్ వైట్, అందరికీ 1960ల నాటి బట్టలు. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు ఊల్‌వర్త్ స్టోర్‌లో తెల్లవాళ్లకి మాత్రమే ఉన్న లంచ్ కౌంటర్ దగ్గర కూర్చుంటే వడ్డించబోమన్నారు. ఆ అక్టోబర్‌లోనే ఈ షో మొదలైంది. అదే రాష్ట్రం, అదే ఏడాది. ఎనిమిదేళ్ల షోలో మాటలున్న పాత్ర నల్లవాళ్లకి దాదాపు దక్కలేదు. ఎవరికి మంచి రోజులవి?

తమ్ముడు: షోలో లోటుంటే షాపు మీద వేస్తావా?

అక్క: షాపుని ఒక్క మాట అనలేదు. నేనంటున్నది మన థీమ్‌ని. మన ఊళ్లలో దళితులకి క్షవరం చేయబోమన్న షాపులు లేవా? అంటరానితనం నేరమని 1955లోనే చట్టం వచ్చింది, తర్వాత కూడా సాగిందది. రేపెవరో అలాంటి షాపులో పంచెలు కట్టుకుని ‘ఆ పాత మంచి రోజులు’ అని ఫొటోలు దిగితే నువ్వు ఊరుకుంటావా? నేను ఊరుకోను.

తమ్ముడు: ...ఊరుకోను. థీమ్ తీసేస్తాను, ఇవాళే మెసేజ్ పెడతాను. షూట్ మాత్రం మానను. హయాట్ 2016లో పోయాడు. అతను తీసిపెట్టకపోతే ఆ ముఖాలు ఒకచోట ఉండేవా? ఇలాంటి షాపులు ఎక్కడికక్కడ మూతపడుతున్నాయి. ఉన్నప్పుడే తీయాలి. పైగా మనవాళ్లలో చాలామంది పిల్లల బర్త్‌డేలు తప్ప ఏమీ తీయలేదు. అద్దంలో తమ నీడ పడకుండా, కిటికీ వెలుతురుతో, పనిచేసుకునే మనిషిని తీయడం వాళ్లు ఎక్కడ నేర్చుకుంటారు?

అక్క: ఇది ఒప్పుకుంటాను, నాకూ నేర్చుకోవాలనుంది. మరి షాపువాళ్లని అడిగావా?

తమ్ముడు: ఇంకా లేదు. వెళ్లాక...

అక్క: వెళ్లాక అడిగితే మొహమాటానికి సరేనంటారు. ముందే ఫోన్ చెయ్యి. రద్దీ లేని రోజు వాళ్లనే చెప్పమను. లోపలికి ఇద్దరిద్దరే. తీసేవాళ్లు కటింగ్ చేయించుకుని డబ్బులివ్వాలి. కుర్చీలో వేరే మనిషి ఉంటే ఆయన్నీ అడగాలి.

తమ్ముడు: మామూలు రోజైతే సెలవు దొరక్క సగంమంది రారు.

అక్క: రాగలిగినవాళ్లే వస్తారు. ఇంకోటి, మన దారి గ్రీన్స్‌బరో మీదుగానే. ఆ ఊల్‌వర్త్ భవనం ఇప్పుడు పౌరహక్కుల మ్యూజియం. ముందు అక్కడ ఆగాలి.

తమ్ముడు: అక్కడ ఆగితే మౌంట్ ఎయిరీ చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. నాకు కావలసిన పొద్దుటి వెలుతురు పోతుందక్కా.

అక్క: పోనీరా. సాయంత్రం వెలుతురులో తీద్దాం.