మూడు నిమిషాల మెరుపుకు నూరేళ్ల కాపలా

2006 జూలై 28. నమీబియాలోని ఖోమాస్ పీఠభూమి మీద అర్ధరాత్రి దాటింది. అక్కడి హెస్ అనే గామా కిరణాల టెలిస్కోపులు నాలుగూ పీకేఎస్ 2155-304 అనే గెలాక్సీ వైపు తిరిగి ఉన్నాయి. అది మనకు సుమారు 150 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఆ రాత్రి తయారైన గ్రాఫును ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు పుట్టదు. అడ్డగీత మీద నిమిషాలు, నిలువుగీత మీద గామా కిరణాల జోరు. గంటన్నర తిరిగేలోపు ఐదు శిఖరాలు. వాటిలో ఒకటి అడుగు నుంచి కొన దాకా ఎగబాకడానికి తీసుకున్న సమయం ఇంచుమించు మూడు నిమిషాలు. టీ కాచినంత సేపు కూడా లేదు.

ఇందులో వింత ఏమిటో తెలియాలంటే చిన్న లెక్క చాలు. ఇలాంటి గెలాక్సీల నడిబొడ్డున వంద కోట్ల సూర్యుళ్లంత బరువైన కృష్ణబిలం ఉంటుందని అంచనా. అంత బరువుకు కేంద్రం నుంచి అంచుదాకా దాదాపు 300 కోట్ల కిలోమీటర్లు. కాంతి సైతం ఆ దూరం దాటాలంటే రెండు గంటల నలభై నిమిషాలు దాటిపోతుంది. మైలు పొడవున సాగే ఊరేగింపు మొత్తం ఒక్క క్షణంలో ఆగిపోగలదా? ముందున్నవాళ్లు ఆగిన సంగతి వెనకవాళ్లకు చేరాలి కదా. మూడు నిమిషాల్లో ఎగిసిన వెలుగు, మూడు నిమిషాల్లో కాంతి దాటగలిగినంత చోటులోంచే రావాలి. కృష్ణబిలం అంతకన్నా ఎన్నో రెట్లు పెద్దది. దీనికి శాస్త్రవేత్తలు చెప్పే సమాధానం: ఆ వెలుగు వచ్చేది బిలం దగ్గరినుంచి వెలువడి సరిగ్గా మన ముఖం మీదికి దూసుకొస్తున్న జెట్ అనే కణాల ధార నుంచి. దాదాపు కాంతి వేగంతో ఎదురొచ్చే వస్తువులో జరిగే సంగతులు మనకు కుదించుకుపోయి కనిపిస్తాయి. సరే, పది రెట్లు కుదించారనుకుందాం. మనకు కనిపించే మూడు నిమిషాలు అక్కడ అరగంట అవుతుంది, ఇంకా చాలదు. లెక్క కుదరాలంటే యాభై రెట్లకు పైగా కావాలి. రేడియో టెలిస్కోపులు ఇలాంటి జెట్లలో నేరుగా కొలిచే వేగాలు అంతటి అంకెను చూపడం లేదు. కాబట్టి మెరుపు పుట్టింది జెట్ మొత్తంలో కాదని, అందులో ఇంకా వేగంగా దూసుకుపోయే చిన్న ముద్దలోనో, సూదిమొనంత సన్నని పాయలోనో అని ఒక్కో బృందం ఒక్కో మాట చెబుతోంది. తగవు ఇప్పటికీ తీరలేదు.

నేను పట్టించుకునేది ఆ తగవును కాదు. ఆ మూడు నిమిషాల సమయంలో టెలిస్కోపు అటు తిరిగి ఉండటాన్ని. ఇలా మన ముఖం మీదికి జెట్ చిమ్మే గెలాక్సీలను బ్లేజర్లు అంటారు. వాటి శాస్త్రం అంతా నిలబడింది ఆ ఒక్క సంగతి మీద. ఎవరు ఎంత పెద్ద అద్దం పెట్టారన్నది తర్వాతి మాట. ఎవరు ఎన్నాళ్లు కన్నార్పకుండా చూశారన్నది మొదటి మాట. మన దేశం కళ్లు కొనడంలో ముందుంది, తెరిచి ఉంచడంలో వెనకబడింది అన్నది నా ఫిర్యాదు.

ఈ శాస్త్రం పుట్టుకే చూడండి. 1929లో జర్మన్ ఖగోళవేత్త కూనో హాఫ్‌మైస్టర్ ఒక చుక్క వెలుగు హెచ్చుతగ్గులు కావడం గమనించి, మారుతుండే నక్షత్రం అనుకుని పట్టికలో రాసి పెట్టాడు. దాని పేరు బీఎల్ లాసెర్టే. 39 ఏళ్లు అది నక్షత్రంగానే చలామణీ అయింది. 1968లో ఒక రేడియో మూలాన్ని దానితో జతచేశాక కానీ అది నక్షత్రం కాదన్న గుట్టు బయటపడలేదు. 1978లో పిట్స్‌బర్గ్ సదస్సులో ఎడ్వర్డ్ స్పీగెల్ సరదాగా అన్న బ్లేజర్ అనే మాట ఆ కుటుంబానికే పేరైపోయింది. మరి చూడటానికి నక్షత్రంలా ఉండే 3సీ 273 సంగతి? 1963లో మార్టెన్ ష్మిట్ అది 240 కోట్ల కాంతి సంవత్సరాల అవతలిదని తేల్చాడు. ప్రపంచం నోరెళ్లబెట్టింది. అదే ఏడాది హార్లన్ స్మిత్, డొరిట్ హాఫ్‌లైట్ హార్వర్డ్ బీరువాల్లోని పాత గాజు పలకలు తిరగేశారు. 19వ శతాబ్దం చివరినుంచి ఎవరెవరో వేరే పనుల కోసం తీసిన ఆకాశపు ఫోటోలవి. వాటిలో ఆ చుక్క దశాబ్దాల పాటు వెలుగుతూ తగ్గుతూ ఉన్న ఆనవాళ్లు దొరికాయి. ఒక గెలాక్సీ మొత్తాన్ని వెలవెలబోయేలా చేసే వెలుగు, కొన్ని నెలల్లో మారగలిగేంత చిన్న చోటులోంచి వస్తోందన్న ఊహకు ఆ పలకలే సాక్ష్యం. ఇలా దూరాన మహా కాంతితో వెలిగే గెలాక్సీ నడిబొడ్డును క్వేజార్ అంటారు. ఆ పలకలు తీసినవాళ్లకు ఆ మాటే తెలియదు. వాళ్లు తమ పని తాము చేశారు, తేదీ వేశారు, దాచారు.

తేదీ వేసి దాచకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఓజే 287 అనే బ్లేజర్ ఉంది. గోదావరికి పుష్కరాలు వచ్చినట్టు దానికి దాదాపు 12 ఏళ్లకోసారి వెలుగు పొంగుతుందని పాత పలకల ఆధారంగా 1988లో ఫిన్లాండ్ బృందం చెప్పింది. వాళ్ల కథ అందమైనది. 1,800 కోట్ల సూర్యుళ్ల బరువున్న పెద్ద బిలం, దాని చుట్టూ 15 కోట్ల సూర్యుళ్ల బరువున్న చిన్నది. చిన్నది పెద్దదాని చుట్టూ తిరిగే వాయువుల పళ్లాన్ని ప్రతి చుట్టులో రెండుసార్లు చీల్చుకుపోతుంది, అప్పుడు మెరుపు. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు ఈ లెక్కను ఇంకా పదును పెట్టారు. 2019 జూలై 31న మెరుపు వస్తుందన్నారు. ఆ రోజుల్లో భూమి నుంచి చూస్తే అది సూర్యుడి పక్కన పడుతుంది. స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపు భూమికి దూరంగా ఉంది కాబట్టి చూడగలిగింది. చెప్పిన వేళకు నాలుగు గంటలు అటూ ఇటూగా మెరుపు కనిపించింది! అప్పుడు నేనూ చప్పట్లు కొట్టినవాణ్నే.

తర్వాత 2022 అక్టోబరు వచ్చింది. అప్పటికి రావలసిన పెద్ద పొంగు రాలేదని స్టెఫనీ కొమోసా బృందం ప్రకటించింది. ఆ బృందం స్విఫ్ట్ ఉపగ్రహంతో, రేడియో టెలిస్కోపులతో ఏళ్ల తరబడి దాన్ని వదలకుండా చూస్తోంది. పెద్ద బిలం బరువు 10 కోట్ల సూర్యుళ్లే అయి ఉండొచ్చనీ అంది. 1,800 కోట్లెక్కడ, 10 కోట్లెక్కడ! మొదటి బృందం తన లెక్కను సవరించి, మెరుపు వేసవిలో ఓజే 287 సూర్యుడి చాటున ఉన్నప్పుడే వచ్చి ఉంటుందంటోంది. ఎవరిది నిజమో కాగితం మీద తేలదు. వచ్చే పుష్కరం దాకా రాత్రి రాత్రికీ చూసి రాసిపెట్టేవాళ్లు తేలుస్తారు.

ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది. బ్లేజర్ వెలుగు అచ్చం తాగినవాడి నడకలా తూలుతూ ఉంటుంది. పెద్ద ఊపులు నిదానంగా, చిన్న ఊపులు చకచకా. అలాంటి నడకలో రెండు మూడు చుట్లు కనిపించడం ఏమంత గొప్ప కాదు, ఏ లయా లేని చోట కూడా కనిపిస్తాయి. 2015లో పీజీ 1302-102 అనే క్వేజార్‌లో 5.2 ఏళ్ల లయ దొరికిందని, రెండు బిలాలు తిరుగుతున్నాయని నేచర్ పత్రికలో వచ్చింది. వాళ్ల ప్రధాన రికార్డు దశాబ్దం నిండనిది, అంటే రెండు చుట్లు. మరుసటి ఏడాదే సైమన్ వాన్ బృందం ఏ లయా లేని వట్టి గోలలోంచి కూడా ఇలాంటి లయను పుట్టించి చూపించింది. నాలుగైదు చుట్లు కళ్లతో చూడకుండా చక్రం అనకూడదు. ఐదేళ్ల చక్రానికి పాతికేళ్ల రికార్డు కావాలి. మూడేళ్ల ప్రాజెక్టులకు డబ్బిచ్చే వ్యవస్థలో పాతికేళ్ల రికార్డు ఎక్కడినుంచి వస్తుంది?

న్యూట్రినో కథ కూడా ఇదే చెబుతుంది. 2017 సెప్టెంబరు 22న దక్షిణ ధ్రువపు మంచులోని ఐస్‌క్యూబ్ అనే పరికరానికి ఒక న్యూట్రినో తగిలింది. న్యూట్రినో అంటే దేన్నయినా దాదాపు తగలకుండా దూసుకుపోయే సూక్ష్మ కణం. అది వచ్చిన దిక్కున టీఎక్స్ఎస్ 0506+056 అనే బ్లేజర్ గామా కిరణాల్లో మండుతూ ఉంది. అందరూ గుర్తుపెట్టుకున్నది అంతవరకే. నాకు నచ్చింది తర్వాతి అధ్యాయం. ఐస్‌క్యూబ్ వాళ్లు తమ తొమ్మిదిన్నరేళ్ల పాత రికార్డు తవ్వితే, 2014 చివర, 2015 మొదట్లో అదే దిక్కునుంచి డజనుకు పైగా అదనపు న్యూట్రినోలు వచ్చినట్టు తేలింది. ఆ నెలల్లో గామా కిరణాలు మాత్రం నిశ్శబ్దం! న్యూట్రినోలూ గామా కిరణాలూ కవలలు అనుకున్నవాళ్ల సిద్ధాంతానికి అది గొంతులో ముల్లు. అప్పట్లో రాత్రి రాత్రికీ దాన్ని మామూలు వెలుగులో, ఎక్స్ కిరణాల్లో దట్టంగా చూసి ఉంటే ఈరోజు ఎంత తేలికయ్యేది! మామూలు బ్లేజరే కదా అని ఎవరూ అంత పట్టించుకోలేదు.

ఇదంతా చేయడానికి చిలీలో వెరా రూబిన్ అబ్జర్వేటరీ వచ్చింది కదా, 8.4 మీటర్ల అద్దంతో పదేళ్లు దక్షిణాకాశం మొత్తాన్ని తీస్తుంది కదా, చిన్న టెలిస్కోపులతో పనేమిటి అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. మసకగా ఉండే లక్షల క్వేజార్ల సంగతి అది చూసుకుంటుంది. అయితే అంత పెద్ద కంటికి పేరున్న బ్లేజర్లు మరీ వెలుగు ఎక్కువ. చుక్కల వెలుగును మాగ్నిట్యూడ్‌లలో కొలుస్తారు, అంకె ఎంత చిన్నదైతే వెలుగు అంత ఎక్కువ. పదహారో మాగ్నిట్యూడ్ కన్నా కాంతివంతమైనవి దాని కెమెరాలో నిండి పొర్లిపోతాయి. మార్కరియన్ 421, 3సీ 273 పదమూడు దగ్గర ఉంటాయి. పైగా మార్కరియన్ 421, బీఎల్ లాసెర్టే ఉత్తరాకాశంలో చాలా పైన ఉన్నాయి, అది చూసే మేరకు అవతల. ఒకే చోటికి అది తిరిగి వచ్చేది కూడా మూడు నాలుగు రాత్రులకోసారి. మూడు నిమిషాల మెరుపును పట్టడానికి మూడు రాత్రులకోసారి తొంగిచూస్తే చాలా?

ఇక్కడే మన దేశం స్థానబలం తెలుస్తుంది. కెనరీ దీవుల్లో, ఐరోపాలో చూసేవాళ్లకు ఒక బ్లేజర్ ఇంకా ఉదయించక ముందే, జపాన్‌లో తెల్లవారేసరికి, ఆ ఖాళీని పూరించగలిగేది మన రేఖాంశం. ఒక బ్లేజర్‌ను ఇరవైనాలుగు గంటలూ చూడాలంటే గొలుసులో మన కొక్కెం తప్పనిసరి. ప్రపంచమంతా కలిసి ఇలా గొలుసు కట్టి చూడటం 1997 నుంచి జరుగుతోంది. అందులో పెరట్లో టెలిస్కోపు పెట్టుకున్న ఔత్సాహికులు కూడా ఉన్నారు. నైనితాల్‌లో 1972 నాటి 104 సెంటీమీటర్ల టెలిస్కోపు చేసిన పని చూడండి. ఒక్క రాత్రిలోనే బ్లేజర్ల వెలుగు రెండు మూడు శాతం మారడాన్ని 1990ల నుంచి అక్కడి పరిశోధకులు ఓపికగా కొలిచి, ప్రపంచం ఉదహరించే పత్రాలు రాశారు. మీటరు అద్దంతో!

మరి మనం ఏం చేస్తున్నాం? 2024 అక్టోబరు 4న లద్దాఖ్‌లోని హాన్లేలో 21 మీటర్ల మేస్ టెలిస్కోపును ప్రారంభించారు. భాభా అణు పరిశోధన కేంద్రం, మన హైదరాబాద్ ఈసీఐఎల్ కలిసి కట్టినది. ఆసియాలో అంత పెద్ద గామా కిరణాల టెలిస్కోపు లేదు. గర్వపడదాం, అభ్యంతరం లేదు. అయితే మేస్ చూసే మెరుపుకు అర్థం చెప్పాలంటే అదే రాత్రి, అదే గంటలో మామూలు వెలుగు ఎంత ఉందో తెలియాలి. తక్కువ శక్తి వెలుగు, ఎక్కువ శక్తి వెలుగు కలిసి ఎగిశాయా, ఒకటి ముందూ ఒకటి వెనకా ఎగిశాయా అన్నదాన్ని బట్టే ఆ గామా కిరణాలు ఎలక్ట్రాన్లు పుట్టించినవా, ప్రోటాన్లవా అనే వాదన నడుస్తుంది. శ్రీహరికోట నుంచి 2015లో వెళ్లిన ఆస్ట్రోశాట్‌ను అతినీలలోహితం నుంచి ఎక్స్ కిరణాల దాకా ఒకేసారి చూసేలా కట్టింది ఇలాంటి పనులకే. ఏనుగును కొన్నాం, మావటి సంగతి మరిచిపోయాం.

మన దగ్గర కాపలా మనుషులు లేరా అంటే, ఉండేవారు. హైదరాబాద్‌లోని నిజామియా అబ్జర్వేటరీకి 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ప్రపంచ నక్షత్ర పటంలో వంతు దక్కింది. ఆకాశంలో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ, తర్వాత జర్మన్లు వదిలేసిన ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ. టి.పి. భాస్కరన్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి గాజు పలకలు తీసి, కొలిచి, ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు అచ్చు వేయించారు. మార్కరియన్ 421 ఉండేది ఉత్తరాన 38 డిగ్రీల దగ్గర. మన గెలాక్సీ అవతలి వస్తువుల్లో అతి శక్తివంతమైన గామా కిరణాలు మొట్టమొదట దొరికిందీ దానిలోనే, 1992లో. హైదరాబాద్ వంతుకు వచ్చిన ఆకాశంలో అది ఉందని ఇక్కడ ఎంతమందికి తెలుసు?

రంగారెడ్డి జిల్లా రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1968లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టింది. అప్పట్లో దేశంలోని పెద్దవాటిలో అదొకటి. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణానికి దేశవిదేశాల చూపు అటే. తర్వాత ఏళ్ల తరబడి మూలనపడింది. దీనికి కారణం డబ్బు అంటే నేను ఒప్పుకోను. కారణం మన అలవాటు. రిబ్బను కత్తిరించడానికి పెద్దలు వస్తారు, రిజిస్టరు రాయడానికి ఎవరూ రారు. భద్రాచలం ఘాట్ దగ్గర గోదావరి మట్టం గంట గంటకూ రాసే ఉద్యోగిని తలచుకోండి. 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. 1986లో 75.6, 2022లో 71.3. ఈ అంకెలు ఉన్నాయి కాబట్టే కింది ఊళ్లు ఎప్పుడు ఖాళీ చేయాలో తెలుస్తోంది. వరద లేని రోజు మట్టం కూడా ఎవరో రాశారు కాబట్టి వరద అంటే ఎంతో తెలిసింది. అలాంటి ఉద్యోగికి మన దగ్గర ఏ అవార్డూ ఉండదు. ఊరి బావి నీటిమట్టం, మండలం వానలెక్క, చెరువు కట్ట మరమ్మతుల పద్దు ఏదైనా అడిగి చూడండి. మధ్యలో పదేళ్లు కాగితాలు ఉండవు.

ఈ మాట విశ్వవిద్యాలయాల్లో చెబితే, ఊరికే చూసి రాసుకునే పనికి పీహెచ్‌డీ ఎలా ఇస్తామని అడుగుతారు. నేనైతే ఇవ్వమంటాను. ఒక పాత అద్దానికి కొత్త పూత, ఒక కెమెరా, నాలుగైదు ఫిల్టర్లు, ఇద్దరు సాంకేతిక నిపుణులు, ఏటా మారే విద్యార్థులు, ముందుగా రాసుకున్న ఇరవై బ్లేజర్ల జాబితా. వానాకాలం పోగా మిగిలిన ప్రతి మబ్బులేని రాత్రీ ఆ జాబితా చూడాలి. కొలతలు అదే వారం అందరికీ తెరిచిపెట్టాలి. పదేళ్ల తర్వాత ఎక్కడో న్యూట్రినో పడితే, ఆ నెలలో ఆ గెలాక్సీ ఎలా ఉందని ప్రపంచం అడుగుతూ వస్తుంది.

మార్కరియన్ 421 ఏప్రిల్ రాత్రుల్లో తొమ్మిది, పది గంటల వేళకు రంగాపూర్ నడినెత్తికి కాస్త ఉత్తరంగా వస్తుంది. పదమూడో మాగ్నిట్యూడ్ వెలుగు. 48 అంగుళాల అద్దానికి అదొక లెక్క కాదు.