సవరణ: అది తంగేడు కాదు, కసింద

ఇంతకుముందు బతుకమ్మ పూల గురించి రాసినదాంట్లో తంగేడు అని పెట్టిన ఫొటో, దాన్ని పోలిన కసింద అనే మరో మొక్కది. "అయిదు పసుపు రెక్కలు, ఈకలాంటి ఆకు ఉంటే తంగేడే" అన్న మాట కూడా తప్పు. ఆ గుర్తులు రెండిటికీ ఉన్నాయి.

పువ్వు కన్నా ముందు ఆకు చూడండి. తంగేడు ఈనెకు 8 నుంచి 12 జతల చిన్న ఆకులుంటాయి, కొసలు గుండ్రం. కసిందకు సాధారణంగా 4 నుంచి 6 జతలే. అవి పెద్దవి, కొస సూదిగా ఉంటుంది, నలిపితే వెగటు వాసన. అన్నిటికన్నా నమ్మదగ్గ గుర్తు ఆకుకాడ మొదట్లో ఉంది: తంగేడుకు అక్కడ కాండాన్ని అంటుకుని చెవి ఆకారంలో రెండు ఆకుపచ్చని రెక్కలుంటాయి, రాలవు. కసిందకు ఆ చోట చిన్న బుడిపె ఒక్కటే కనిపిస్తుంది. తంగేడుకూ బుడిపెలున్నాయి గానీ, అవి ప్రతి జతలోని రెండు చిన్న ఆకుల మధ్య ఉంటాయి. భూతద్దం ఉంటే తేలిక.

కాయలుంటే అనుమానమే అక్కర్లేదు. తంగేడు కాయ కాగితంలా పలచన, వెడల్పు. కసింద కాయ సన్నగా, పొడుగ్గా, కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది.

పూత లేని మొక్కను ఫొటో తీసేటప్పుడు కొమ్మ చివర మాత్రమే తీస్తే ఈ చెవులు పడవు. ఆకుకాడ కాండాన్ని కలిసే చోటును దగ్గరగా తీయండి.

ఈ తేడా పట్టింపు కోసం చెప్పడం లేదు. తంగేడు పూలు ఎండబెట్టి కషాయం కాచుకునేవాళ్లున్నారు. కసింద గింజలు తిని పిల్లల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. పాత ఫొటో చూసి పూలు కోసినవాళ్లు వాటిని కషాయానికి వాడకండి.