సూపర్‌మ్యాన్ ఛాతి మీది గుర్తు, మనోళ్ల మెడల కండువ

మా అక్క కొడుకు ఇంటర్ సెకండియర్. ఎంసెట్ పుస్తకం నడుమ బొమ్మల పుస్తకం పెట్టుకొని సదువుతున్నడని అక్క ఫోన్ల ఒకటే మొత్తుకునుడు, సరే పోరన్ని దారిల పెడ్దామని హన్మకొండ నుంచి కాజీపేట పోయిన, పుస్తకం గుంజుకున్న, గుంజుకున్నంక ఊకె ఎందుకని ఒక పేజీ చూసిన, అక్క రెండుసార్లు చాయ్ పోసేదాక తల ఎత్తలే. ఇగ అప్పటిసంది నాకు నిద్రలేదు.

పుస్తకం పేరు రెడ్ సన్, 2003ల వచ్చింది. సూపర్‌మ్యాన్‌ను పసిపోరగా మోసుకొచ్చిన రాకెట్ అమెరికాల కాన్సస్ దిక్కు పడకుంట ఉక్రెయిన్ల సామూహిక పొలంల పడ్తది. గంతే. ఛాతి మీద ఎస్ పోయి కొడవలి సుత్తి వస్తది, పిలగాడు పెద్దగై స్టాలిన్ పక్కకు నిలవడ్తడు, ఎప్పటికీ విలనే అయిన లెక్స్ లూథర్ అమెరికాను కాపాడే సైంటిస్టు, ఆఖరికి ప్రెసిడెంట్ గుడ అయితడు. లూథర్ అతన్ని ఓడగొట్టేది బాంబుతోని కాదు, చిట్టీ మీద రాసిన ఒక్క వాక్యంతోని. ఆఫీసుల చుట్టు తిరిగినోళ్లకు చిట్టీ పవర్ ఏందో నేను చెప్పాల్నా.

నా బాధంత రాకెట్ గురించే. మనిషి మంచోడా చెడ్డోడా అన్నది రాకెట్ యాడ పడ్డదన్న దాన్ని బట్టి ఉంటే, అది ఏనుమాముల మార్కెట్ల పత్తి బస్తాల మీద పడితే ఏంది పరిస్థితి? ముందుగాల తేమ శాతం చూస్తరు, తర్వాత కాంటా, పిలగాని సంగతి ఆఖరికి.

పోరడేమో ఇంక రెచ్చిపోయిండు. "మామా, గిదేం కొత్త గాదు, 1964లనే ఎర్త్ త్రీ అని ఉల్టా భూమి చూపెట్టిర్రు, ఆడ బలమున్నోళ్లందరు దొంగలే, కొలంబస్ అమెరికాల పుట్టి యూరప్‌ను కనుక్కుంటడు" అన్నడు. ఆ భూమి మీద ఎంసెట్ ఉందా అని అడిగిన, సప్పుడు చెయ్యలే. అయితే 1997ల వచ్చిన థండర్‌బోల్ట్స్ ముచ్చట మాత్రం నాకు మస్తు నచ్చింది: పెద్ద హీరోలంత మాయమైర్రని తెలిసి విలన్ల బ్యాచ్ ఒకటి కొత్త డ్రెస్సులు, కొత్త పేర్లు పెట్టుకొని హీరోల లెక్క దిగుతది, మొదటి సంచిక ఆఖరి పేజీదాక సదివేటోనికి ఆ సంగతే తెల్వది. జనం చప్పట్లు కొట్టంగ కొట్టంగ అండ్ల కొందరికి మంచోళ్లుగ ఉండుడే మంచిగనిపిస్తది. నమ్మబుద్ధి కాలే గని, కథ కదా, పోనీ.

ఈ బొమ్మల కథలు రాసేటోళ్లతోని నాకున్న తీవ్రమైన అభ్యంతరం ఒక్కటే, మంచోన్ని చెడ్డోన్ని ఉల్టా చేసే గింత పనికి గంత ఖర్చెందుకు? ఇంకో భూమి కావాలె, రాకెట్ కావాలె, స్టాలిన్ కావాలె. మా దిక్కు వరంగల్ కోట తోరణం కింద సెల్ఫీ దిగి కాకతీయుల పౌరుషం అని స్టేటస్ పెట్టినోడే, అదే కాకతీయుల సైన్యంతోని కప్పం కాడ కొట్లాడిన సమ్మక్కకు నిలువెత్తు బంగారం, అంటే బెల్లమే, మొక్కుకొని మేడారం బస్సెక్కుతడు. ఇద్దరూ మనోళ్లే. "మరి గీ కథల విలన్ ఎవలు మామా?" అని పోరడు అడిగితే, లైన్ల ముందుకు జరుగు అన్న. ఇంకేమనాలె? జంపన్న వాగుల మునిగేటప్పుడు గా లెక్క ఎవలు తియ్యరు.

ఇగ అసలు పని చూడాల్నంటే ఫ్లెక్సీ షాపుకు పోవాలె. జాతరకు ముందు మా గల్లీ సంఘం తరపున "భక్తులకు స్వాగతం" కొట్టిద్దామని నేనే పోయిన. డిజైన్ చేసే పిలగాడు కంప్యూటర్ల ఒక అన్న ఫోటో తెరిచిండు, ఆ అన్న పేరు చెప్ప, పోయిన ఎలచ్చన్ల మా గల్లీల ఇంటింటికి తిట్టు తిన్న మనిషి. ఫోటో అదే, మీసం అదే, చెయ్యి ఎత్తిన తీరు అదే, ఎనుక సింహం గుడ పాతదే. పిలగాడు మౌసుతోని మెడ కాడ రెండుసార్లు నొక్కిండు, కండువ రంగు మారింది, కింద "పేదల పెన్నిధి" అని పడ్డది. చాయ్ చల్లారలే. ఎర్త్ త్రీ కన్నా ఫాస్ట్.

"తమ్మీ, పాత కండువ తీసేసినవా?" అని అడిగిన.

"తియ్యలే అన్నా, దాచిపెట్టిన గంతే. మల్ల అక్కరపడ్తది" అన్నడు, తల ఎత్తకుంటనే.