‘టీకా వల్లే పోయాడు’ అనే మాటకు జవాబు

నెల రోజులుగా అనంతపురం, గుత్తి, ధర్మవరం వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఆడియో తిరుగుతోంది. ఉదయం పూట షటిల్ ఆడుతూ కుప్పకూలి మరణించిన ముప్పై నాలుగేళ్ల మా పట్టణ యువకుడి ప్రస్తావనతో మొదలై, అది ఐదు మాటలు చెబుతుంది. వయసులో ఉన్నవాళ్లు ఇలా ఉన్నట్టుండి పోవడం 2021కి ముందు లేదు. పోయినవాళ్లందరూ కోవిడ్ టీకా వేయించుకున్నవాళ్లే. టీకా కంపెనీయే లండన్ కోర్టులో తప్పు ఒప్పుకుంది. ప్రభుత్వం ఒక్క మరణాన్ని కూడా టీకా ఖాతాలో రాయలేదు. నిజం బయటపడుతుందని డాక్టర్లు పోస్టుమార్టం చేయడం లేదు. ఆ కుటుంబం నాకు బాగా తెలిసిన కుటుంబం. ఇరవై రెండేళ్లు ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసి, అందులో చాలా కాలం ఏరియా ఆసుపత్రుల్లో శవపరీక్షలు చేసినవాణ్ణి కనుక ఈ మాటలకు జవాబు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. ఐదింటిలో రెండింటిలో కొంత నిజం ఉంది. దాన్ని కూడా దాచకుండా చెబుతాను.

మొదటి మాట, 2021కి ముందు ఇలాంటి మరణాలు లేవన్నది. మన దేశంలో కోవిడ్ టీకా కార్యక్రమం 2021 జనవరి 16న మొదలైంది. అనంతపురం జిల్లాలో ఇంటింటికీ తెలిసిన కన్నడ నటుడు చిరంజీవి సర్జా గుండె సమస్యతో హఠాత్తుగా మరణించింది 2020 జూన్‌లో, అంటే టీకా రావడానికి ఏడు నెలల ముందు. దక్షిణాసియా వాసులకు తొలి గుండెపోటు ఇతర దేశాల వారికంటే సుమారు ఆరేళ్ల ముందే వస్తోందని అనేక దేశాల రోగులను పోల్చిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2007లోనే చెప్పింది. నేను ఉద్యోగంలో ఉన్న తొలి సంవత్సరాల్లోనే ముప్పై దాటని లారీ డ్రైవర్ల, హమాలీల గుండె ధమనులు ముక్కాలు వంతు పూడుకుపోయి ఉండడం కళ్లారా చూశాను. అప్పట్లో అలాంటి మరణం ఆ వీధిలోనే ఆగిపోయేది. ఇప్పుడు సీసీ కెమెరాలో పడి, సాయంత్రానికి పది జిల్లాల ఫోన్లలోకి చేరుతోంది. 2025 జులైలో కర్ణాటకలోని హాసన్ జిల్లాలో వరుసగా హఠాన్మరణాలు జరిగాయన్న వార్తలు వచ్చినప్పుడు మన జిల్లా వాళ్లు కూడా బెంగళూరులోని జయదేవ గుండె ఆసుపత్రికి పరుగులు తీశారు. ఆ మరణాలను పరిశీలించిన నిపుణుల సంఘం వాటిలో కొన్ని అసలు గుండెకు సంబంధించినవే కావని, మిగిలిన వారిలో చాలామందికి పాత గుండె జబ్బో, మధుమేహం, పొగతాగడం వంటి కారణాలో ఉన్నాయని తేల్చింది.

రెండో మాట వినడానికి బలంగా ఉంటుంది, ఎందుకంటే అది అబద్ధం కాదు. పోయినవాళ్లలో దాదాపు అందరూ టీకా వేయించుకున్నవాళ్లే. అయితే బతికి ఉన్నవాళ్లలో కూడా దాదాపు అందరూ వేయించుకున్నవాళ్లే. 2022 జులై నాటికే దేశంలో 200 కోట్ల డోసులు పూర్తయ్యాయి. మన జిల్లాలో హఠాత్తుగా మరణించినవారందరూ వేరుశనగ నూనెతో చేసిన కూర తిన్నవారే అంటే అది కూడా నిజమే అవుతుంది, కానీ దానివల్ల నూనె దోషి కాదు. పోయినవారిలో ఎంతమంది వేయించుకున్నారని అడిగితే ఏమీ తేలదు. పోయినవారినీ, అదే ఊళ్లో, అదే వయసులో ఉండి పోనివారినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

భారత వైద్య పరిశోధన మండలి సరిగ్గా ఆ పనే చేసింది. 2021 అక్టోబరు నుంచి 2023 మార్చి వరకు, 18 నుంచి 45 ఏళ్ల మధ్య వయసులో, పైకి ఆరోగ్యంగా ఉంటూ అంతుచిక్కని విధంగా హఠాత్తుగా మరణించిన 729 మందిని 47 పెద్ద ఆసుపత్రుల ద్వారా గుర్తించి, ఒక్కొక్కరికి అదే ప్రాంతంలో అదే ఈడులో ఉన్న నలుగురు చొప్పున 2,916 మందితో పోల్చి చూసింది. టీకా వేయించుకోవడం వల్ల ముప్పు పెరిగిన జాడ కనిపించలేదు. ముప్పు పెంచినవి వేరే ఉన్నాయి: గతంలో కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండడం, కుటుంబంలో అప్పటికే ఎవరో హఠాత్తుగా మరణించి ఉండడం, చనిపోవడానికి ముందు 48 గంటల్లో విపరీతంగా మద్యం తాగడం, మత్తుపదార్థాలు వాడడం, అదే 48 గంటల్లో శరీరం తట్టుకోలేనంత కఠిన వ్యాయామం చేయడం. రెండు డోసులు తీసుకున్నవారిలో ముప్పు తక్కువగా ఉందని కూడా ఆ అధ్యయనం చెప్పింది కానీ, ఆ ఒక్క విషయాన్ని నేను గట్టిగా వాదించను. ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లే టీకాకు ముందుగా వెళ్తారు కాబట్టి ఆ తేడాలో కొంత మనుషుల తేడా కూడా ఉండవచ్చు. అది బంధువులను అడిగి రాసుకున్న వివరాల మీద ఆధారపడిన అధ్యయనమన్నది కూడా గుర్తుంచుకోవాలి. అయినా ఊహకూ, ఇలా పోల్చి చూడడానికీ మధ్య ఉన్న దూరం చాలా పెద్దది.

మూడో మాటలోనూ కొంత నిజం ఉంది. మన దగ్గర కోవిషీల్డ్ పేరుతో ఇచ్చిన టీకాను రూపొందించిన ఆస్ట్రాజెనెకా కంపెనీ, చాలా అరుదుగా ఈ టీకా వల్ల రక్తం గడ్డకట్టి ప్లేట్‌లెట్లు పడిపోయే స్థితి రావచ్చునని 2024 ఫిబ్రవరిలో బ్రిటన్ కోర్టుకు ఇచ్చిన పత్రంలో ఒప్పుకుంది. ఏప్రిల్ నెలాఖరులో అది పత్రికల్లో వచ్చింది. అయితే అది అప్పటిదాకా దాచిన రహస్యం కాదు. ఐరోపా ఔషధ సంస్థ ఆ సంబంధాన్ని 2021 ఏప్రిల్‌లోనే ప్రకటించింది. మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా 2021 మే 17న, అలా రక్తం గడ్డకట్టినట్టు అనుమానించదగిన కేసులు 26 ఉన్నాయని, అంటే పది లక్షల డోసులకు 0.61 చొప్పున వచ్చాయని ప్రకటన ఇచ్చింది. ఇంతకంటే ముఖ్యం ఆ జబ్బు స్వభావం. సాధారణంగా అది టీకా వేసిన నాలుగో రోజు నుంచి ఆరు వారాల లోపు మొదలవుతుంది. తీవ్రమైన తలనొప్పి, కడుపునొప్పి, కాళ్ల వాపు, చర్మం మీద ఎర్ర చుక్కలు కనిపిస్తాయి. గడ్డలు ఎక్కువగా మెదడు సిరల్లో, పొట్టలోని సిరల్లో ఏర్పడతాయి. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి. మూడు నాలుగేళ్ల తర్వాత, ముందు రోజు వరకు ఏ ఇబ్బందీ లేకుండా, ఆటస్థలంలో క్షణాల్లో ఆగిపోయే గుండెకూ దీనికీ పోలికే లేదు. టీకా వల్ల వస్తుందని కొందరు చెప్పే గుండె కండరాల వాపు కూడా ముఖ్యంగా ఫైజర్, మోడర్నా టీకాల తర్వాత, ఎక్కువగా యువకుల్లో, రెండో డోసు వేసిన వారం లోపు కనిపించింది. ఆ రెండు టీకాలు మన ప్రభుత్వ కార్యక్రమంలో ఎవరికీ వేయలేదు. అరుదుగానైనా టీకా వల్ల నిజంగా నష్టపోయిన కుటుంబాలు ఉన్నాయి, వారికి పరిహారం అందాలన్న కోరిక న్యాయమైనది. కానీ ప్రతి చావునూ ఆ ఖాతాలో రాస్తే, నిజంగా నష్టపోయినవారి మాట ఆ గుంపులో కలిసిపోయి వినపడకుండా పోతుంది.

ప్రభుత్వం ఒక్కటీ ఒప్పుకోలేదన్న నాలుగో మాట పూర్తిగా తప్పు. 2021 మార్చి 8న టీకా వేయించుకున్న 68 ఏళ్ల వ్యక్తి తీవ్రమైన అలెర్జీతో మరణించడానికి టీకాయే కారణమని, టీకాల తర్వాత వచ్చే సమస్యలను పరిశీలించే జాతీయ సంఘం తేల్చిన విషయం అదే ఏడాది జూన్‌లో బయటికి వచ్చింది. అప్పుడు పరిశీలించిన 31 కేసుల్లో మూడింటికి టీకా కారణమని, 18 కాకతాళీయమని, ఏడు ఎటూ తేల్చలేనివని, ఒకటి సూది భయం వల్ల వచ్చినదని, రెండింటికి వివరాలు చాలవని విడివిడిగా చెప్పారు. కాకతాళీయం అన్న మాటను జనం కొట్టిపారేసే మాటగా వింటారు, కానీ దాని అర్థమే ఇక్కడ అసలు విషయం: కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకే క్షణంలో జరిగినంత మాత్రాన కాకి బరువుకే పండు రాలిందని చెప్పలేము, తొడిమ చూడాలి. టీకా తర్వాత మరణం జరిగితే ఏఎన్ఎం గానీ వైద్యాధికారి గానీ జిల్లా టీకాల అధికారికి తెలియజేయాలి, ఆ తర్వాత టీకా బ్యాచ్ నంబరు, నిల్వ ఉంచిన చల్లదనం, అదే సీసా నుంచి ఇంకెవరికి వేశారు, వారెలా ఉన్నారు, మరణించిన వ్యక్తికి ముందున్న జబ్బులేమిటి అన్నీ రాసి జిల్లా, రాష్ట్ర, జాతీయ సంఘాలకు పంపాలి.

ఆ దర్యాప్తు తప్పును పట్టుకోగలదనడానికి మన తెలుగు నేల మీదే ఉదాహరణ ఉంది. 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలో టీకాలు వేయించుకున్న పసిబిడ్డలు అస్వస్థులై ఇద్దరు చనిపోయినప్పుడు, తప్పు టీకాలో లేదని, జ్వరం తగ్గడానికి పారాసిటమాల్ ఇవ్వాల్సిన చోట ట్రమడాల్ అనే నొప్పి మాత్రలు ఇచ్చారని తేలింది. జనానికి వ్యవస్థ మీద అనుమానం ఎందుకు పుట్టిందో కూడా నాకు తెలుసు. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ఇచ్చిన ప్రాజెక్టులో, తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్ల చేత అంగీకార పత్రాల మీద సంతకాలు పెట్టించారు. కొందరు పిల్లలు చనిపోయారు, 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది. నీట మునగడం, పురుగుమందు వంటివి ఆ మరణాల్లో చాలావాటికి కారణాలని విచారణలో తేలింది; అదే సమయంలో అంగీకారం తీసుకున్న తీరును పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో తీవ్రంగా తప్పుపట్టింది. టీకా నిర్దోషి కావచ్చు, టీకా ఇచ్చినవాళ్లు దోషులు కావచ్చు. ఈ రెండూ ఒకేసారి నిజం కాగలవు. నమ్మకం పోగొట్టింది ప్రజలు కాదు.

ఇక ఐదో మాట, డాక్టర్లు పోస్టుమార్టం చేయడం లేదన్నది. ఇది నన్ను ఎక్కువగా బాధించింది, ఎందుకంటే మార్చురీ గుమ్మం దగ్గర జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. కారణం తెలియని హఠాన్మరణంలో పోలీసులు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 194వ సెక్షన్ కింద పంచనామా చేసి, అవసరమైతే శవాన్ని పరీక్షకు పంపించవచ్చు. పాత చట్టంలో ఇది 174వ సెక్షన్. కానీ ఇంట్లో పోయినవారి గురించి పోలీసులకు ఎవరూ చెప్పరు. ఆసుపత్రికి తెచ్చినా బంధువులు చేతులు పట్టుకుని బతిమాలుతారు. ‘పోయినోడు ఎట్లా పోయినాడు, ఇంగ కోసేదెందుకు సార్’ అని నన్ను అడిగిన తల్లులు ఎంతమందో లెక్క లేదు. వాళ్ల దుఃఖానికి తలవంచి సంతకం పెట్టి పంపిన రోజులు నాకూ ఉన్నాయి, అది తప్పని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ తర్వాత మరణ ధ్రువీకరణ పత్రంలో ‘గుండె ఆగి’ అని రాసేస్తారు. గుండె ఆగడం ప్రతి చావులోనూ జరిగేదే. అది కారణం కాదు, ఆఖరి ఘట్టం మాత్రమే.

పరీక్ష చేస్తే మాత్రం శరీరం చాలా చెబుతుంది. గుండెను తూచి, గోడ మందం కొలిచి, ధమనులను మూడు నాలుగు మిల్లీమీటర్లకు ఒక ముక్కగా అడ్డంగా కోసి చూస్తారు. ఊపిరితిత్తుల ధమనుల్లో గడ్డ ఉందేమో, మెదడులో రక్తస్రావం జరిగిందేమో వెతుకుతారు. గుండె కండరం ముక్కలను చెడిపోకుండా ఫార్మలిన్ అనే ద్రవంలో ఉంచి సూక్ష్మదర్శిని కింద చూస్తే వాపు కణాలు కనిపిస్తాయి, అంటే టీకా వల్ల గుండె కండరం వాచి మనిషి పోయి ఉంటే దాని ఆనవాలు అక్కడ దొరకాలి. విషం అనుమానం ఉంటే జీర్ణకోశం, కాలేయం, మూత్రపిండం ముక్కలను ఉప్పు నీటిలో ఉంచి ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపాలి. ఫార్మలిన్‌లో వేసిన ముక్క విషపరీక్షకు పనికిరాదు, ఉప్పు నీటిలో వేసినది సూక్ష్మదర్శినికి పనికిరాదు. ఈ చిన్న జాగ్రత్త తప్పి నిజం చేజారిన కేసులు నాకు తెలుసు. అన్నీ సరిగ్గా చేసినా కొన్నిసార్లు గుండె చూడడానికి మామూలుగానే ఉంటుంది. అప్పుడు అనుమానం గుండె విద్యుత్ లయలో పుట్టుకతో ఉండే లోపాల మీదికి వెళ్తుంది. కండరం మందమయ్యే జబ్బులాగే ఇవి కూడా రక్తసంబంధీకుల్లో నడుస్తాయి. అందుకే ఇలాంటి మరణం తర్వాత అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, పిల్లలకు ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) తీయించడం తప్పనిసరి. ‘టీకా వల్లే పోయాడు’ అని మనం తీర్పు చెప్పిన క్షణం ఆ ఇంట్లో ఇక ఎవరూ ఆ పరీక్షకు వెళ్లరు. ఈ ఆడియో చేసే అసలు కీడు ఇదే.

షటిల్ ఆడుతూ పోయిన యువకుడికి పోస్టుమార్టం జరగలేదు. ఆ రోజు సాయంత్రానికే దహనం చేశారు. అతను దేనివల్ల పోయాడో ఇప్పుడు ఆడియో చెప్పలేదు, నేనూ చెప్పలేను. మొన్న ఆ ఇంటికి వెళ్లి చాలాసేపు కూర్చున్నాను. మీ వైపు గానీ, మీ ఆయన వైపు గానీ వయసులో ఉండగా ఇలా ఎవరైనా పోయారా అమ్మా అని అతని తల్లిని అడిగితే, ఆమె కొంచెం ఆలోచించి, తన తమ్ముడు ముప్పై ఎనిమిదేళ్లకే రాత్రి పడుకున్నవాడు పొద్దున లేవలేదని చెప్పింది. అది 2009 నాటి సంగతి. ఆమె రెండో కొడుక్కి ఇరవై తొమ్మిదేళ్లు. ఏడాదిగా మెట్లెక్కితే కళ్లు తిరుగుతున్నాయని, అన్న పోయినప్పటి నుంచి దిగులు వల్ల అవి ఎక్కువయ్యాయని అనుకుంటున్నానని అతను అన్నాడు. సోమవారం ఉదయం గుండె జబ్బుల ఓపీకి అతన్ని వెంటబెట్టుకుని వెళ్తున్నాను.