న్యూట్రాన్‌ను ఊడగొడితే బాంబు పేలదు

దేవరకొండ వైపు గ్రూపుల్లో వారం నుంచి ఒక మెసేజ్ తిరుగుతోంది. "న్యూట్రాన్లు ఎక్కువున్న అణువులోంచి ఒక్క న్యూట్రాన్ ఊడగొడితే చాలు, గొలుసుకట్టు పేలుడు మొదలవుతది. జపాన్, జర్మనీల అదే చేస్తున్నరు. రేపు పెద్దగట్టు యురేనియంతోని మన దగ్గర చేస్తరు." మా బంధువులే ముగ్గురు పంపారు. పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాణ్ని, ఊరుకోలేకపోయాను.

గొలుసుకట్టు అనేది యురేనియం-235 లాంటి వాటి సంగతి. న్యూట్రాన్ తగిలితే ఆ కేంద్రకం రెండుగా చీలుతుంది, అందులోంచి వచ్చిన రెండు మూడు న్యూట్రాన్లు పక్కవాటిని చీలుస్తాయి. మెసేజ్‌లో చెప్పిన, న్యూట్రాన్‌ను ఊడగొట్టే పనిని నాకౌట్ చర్య అంటారు. అందులో ఈ చీలిక లేదు. కాంతి వేగంలో మూడో వంతుకు పైబడి దూసుకెళ్లే కేంద్రకాలను పలుచటి బెరీలియం లేదా కార్బన్ పలక మీదికి పంపుతారు. అంచు తగిలి ఒక న్యూట్రాన్ ఊడుతుంది. మిగిలిన కేంద్రకం దాదాపు అదే వేగంతో వెళ్లి డిటెక్టర్‌కు చిక్కుతుంది. అక్కడితో అయిపోయింది. పైగా న్యూట్రాన్‌ను ఊడదీయడానికి శక్తి ఖర్చవుతుంది.

మరి ఎందుకు కొడుతున్నారు? లోపల న్యూట్రాన్లు ఎలా ఉన్నాయో తెలియడానికి. బాలానగర్ సీతాఫలం బాగా పండితే చెయ్యి తగలగానే ఊడొస్తుంది, కొమ్మ కదలదు. పచ్చికాయను గుంజితే కొమ్మంతా ఊగుతుంది. ఇక్కడా అంతే. వదులుగా ఉన్న న్యూట్రాన్ పోతే మిగిలిన కేంద్రకం వేగంలో తేడా చాలా తక్కువ, గట్టిగా అతుక్కున్నది పోతే ఎక్కువ. లిథియం-11లో 3 ప్రోటాన్లు, 8 న్యూట్రాన్లు. అది ఉండాల్సిన దానికంటే చాలా పెద్దదని 1985లో జపాన్ శాస్త్రవేత్త తనిహత బృందం చూపింది. చివరి రెండు న్యూట్రాన్లు దూరంగా, వదులుగా తిరగడమే కారణమని ఇలాంటి కొలతలే బలపరిచాయి. న్యూట్రాన్లు 8 ఉంటే కేంద్రకం మరింత గట్టిగా ఉంటుందని క్లాసులో చెబుతాం, దాన్నే మ్యాజిక్ సంఖ్య అంటాం. 8 న్యూట్రాన్లున్న బెరీలియం-12 దగ్గర అది నిలబడదని కూడా న్యూట్రాన్‌ను ఊడగొట్టే చూశారు. ఇంత అందమైన పనిని బాంబు అంటే బాధేస్తుంది.

ఇక పెద్దగట్టు, అంటే మా దగ్గర యురేనియం గని తవ్వాలనుకున్న చోటు. ఈ ప్రయోగాల్లో వాడే లిథియం-11 సగం ఆయుష్షు (ఉన్నవాటిలో సగం మారిపోయే సమయం) 9 మిల్లీసెకన్ల లోపే. అది ఏ బండలోనూ దొరకదు, కణాలను వేగంగా పరుగెత్తించే యంత్రంలో, అంటే యాక్సిలరేటర్‌లో, పుట్టించాల్సిందే. సహజ యురేనియంలో 235 రకం 0.7 శాతమే, రాయి దానంతట అది పేలదు.

మా బావకు ఇదంతా చెప్పాను. మెసేజ్ తీసేసి, "మరి సాగర్ నీళ్ల సంగతేంది?" అని అడిగాడు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన జిల్లా మాది. గని పక్కనే రిజర్వాయర్ ఉంటే ఆ భయం న్యాయమైనదే. గని తవ్వుతామనేవాళ్లు జవాబు చెప్పాల్సింది ఆ ప్రశ్నకు.