లండన్ సిక్స్ డే సైకిల్ రేసు గారికి ఒక ఉత్తరం

అయ్యా,

త్వరగా ముగిసిపోయినదాన్ని మేం మూణ్ణాళ్ల ముచ్చట అంటాం. తమరు పేరులోనే ఆరు రోజులు పెట్టుకుని, 2015 నుంచి 2019 దాకా ఐదు అక్టోబర్లు లాగించారు. కాబట్టి ఆ మాట తమకు వర్తించదని వాదించుకోవచ్చు.

తమ వంశచరిత్ర గొప్పది. 1878 ఫిబ్రవరిలో ఇదే లండన్‌లో, ఇస్లింగ్టన్ అగ్రికల్చరల్ హాల్లో డేవిడ్ స్టాంటన్ అనే ఆయన 100 పౌండ్ల పందెం కట్టాడు. రోజుకు 18 గంటల చొప్పున తొక్కి ఆరు రోజుల్లో వెయ్యి మైళ్లు పూర్తిచేస్తానని. గెలిచాడు కూడా. ఆరే ఎందుకంటే ఏడోది ఆదివారం, దేవుడి రోజు. మిగతా ఆరు రోజులూ మనిషి ప్రాణం తోడేసినా దేవుడికి అభ్యంతరం లేదన్నమాట!

తర్వాత అమెరికా వెళ్లారు. న్యూయార్క్‌లో నిద్రలేక తూలిపోతున్నవాళ్లను చూడలేక, ఒక మనిషి రోజుకు 12 గంటలకు మించి తొక్కకూడదని చట్టం చేశారు. నిర్వాహకులు సరేనని ఇద్దరిద్దరిని జోడీ కట్టారు. ఒకడు తొక్కుతుంటే ఇంకొకడు పడుకుంటాడు, రేసు మాత్రం 24 గంటలూ నడుస్తుంది. గానుగెద్దుకు షిఫ్టులు వేశారంతే. అది జరిగిన మాడిసన్ స్క్వేర్ గార్డెన్ పేరే ఈ ఆటకు నిలిచింది.

నిజం చెప్పాలంటే, ఈ మాడిసన్‌లో మార్పిడి చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. వాలుగా ఉండే ట్రాక్ పైఅంచున నెమ్మదిగా తిరుగుతూ అలుపు తీర్చుకుంటున్నవాడు కిందికి జారుతాడు. వెనక నుంచి దూసుకొచ్చిన జోడీదారు వాడి చెయ్యి పట్టుకుని, తన వేగమంతా అందులో పెట్టి ముందుకు విసురుతాడు. ఇద్దరి సైకిళ్లకూ బ్రేకులుండవు.

1980లో వెంబ్లీలో బీరు కంపెనీ పేరుతో నడిచిన తమ పూర్వావతారం ముగిసింది. 35 ఏళ్ల నిద్ర తర్వాత, 2012 ఒలింపిక్స్‌కి కట్టిన వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ రేసుల భవనంలో, తమరు లేచారు. అయితే ఆరు రోజులు కాస్తా ఆరు సాయంత్రాలయ్యాయి. సైబీరియా పైన్ చెక్కతో చేసిన 250 మీటర్ల ట్రాక్, మధ్యలో డీజే, భోజనం బల్లలు. చుట్టూ జనం చెమటలు కక్కుతుంటే నడిమధ్యన కూర్చుని తినడానికి ఎంత గుండె ధైర్యం కావాలి!

మరి ఆదివారం సంగతి? మొదటి ఏడాది ఆదివారమే మొదలుపెట్టారు. మరుసటి ఏడాది ఫైనల్‌నే ఆదివారానికి తోశారు. 2016 మార్చిలో ఇదే ట్రాక్ మీద మాడిసన్ ప్రపంచ విజేతలైన బ్రిటన్ వాళ్లు విగ్గిన్స్, కావెండిష్ జోడీ, అక్టోబరు ఆదివారం నాడు బెల్జియం వాళ్లు కెన్నీ డి కెటెలె, మొరెనో డి పావ్‌ల వెనక రెండో స్థానంలో మిగిలింది. దేవుడికి కోపం వచ్చిందేమో, నాకైతే అనుమానమే.

2020లో కరోనా వచ్చింది, తమరు మళ్లీ కనబడలేదు. బెల్జియంలో, ఘెంట్ ఊళ్లో తమ అన్నగారు 166 మీటర్ల ఇరుకు ట్రాక్ మీదే ఏటా నవంబర్లో తిరుగుతున్నారు. తమకంత విశాలమైన ఇల్లుండి ఐదేళ్లకే ఆయాసమా?

లేచే ఉద్దేశముంటే సోమవారం మొదలుపెట్టండి. ఆదివారం మేం మధ్యాహ్నం దాకా పడుకుంటాం.

ఇట్లు,
టీవీ ముందు కూర్చుని తొక్కిన ఒక అభిమాని