అడగని స్నేహితులు

ఒక అమెరికన్ నవలలో హైస్కూల్ కుర్రాడు చార్లీ. అతని పుట్టినరోజు క్రిస్మస్‌కు ముందురోజు. రెండింటికీ కలిపి ఒక్క కానుకతో సరిపెట్టకుండా విడివిడిగా రెండు కొనేది హెలెన్. అమ్మ తోడబుట్టింది, అంటే మన లెక్కలో పిన్నో పెద్దమ్మో. చార్లీకి ఆవిడంటే ప్రాణం. చిన్నప్పుడు తనను లైంగికంగా వేధించింది ఆవిడేనని నవల చివర్లో గానీ గుర్తుకు రాదు.

స్టీఫెన్ చ్‌బోస్కీ 1999 నాటి నవల ‘ద పెర్క్స్ ఆఫ్ బీయింగ్ ఎ వాల్‌ఫ్లవర్’ ఇది. ఇలాంటి కథల్ని ‘స్నేహం గాయాన్ని మాన్పింది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. నాకు ఒప్పుదల కాదు. చార్లీకి హైస్కూల్లో దొరికిన స్నేహితులు శామ్, పాట్రిక్ ఏం చేశారో చూడండి. ఫుట్‌బాల్ మ్యాచ్‌లో పక్కన చోటిచ్చారు. అయ్యాక తినడానికి వెంట తీసుకెళ్లారు. నీకేమైంది, ఎందుకలా ఉంటావు అని ఆరా తీయలేదు. క్రిస్మస్‌కు శామ్ పాత టైప్‌రైటర్ ఇచ్చి, ఎప్పుడైనా నా గురించి రాయి అంది. అంతే. పైగా పాత జ్ఞాపకం తన్నుకొచ్చింది ఆమె దగ్గరైన రాత్రే. ఆ తర్వాత చార్లీ రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. మాన్పే పని డాక్టర్లది. లోపల బిగుసుకుపోయినది కాస్త వదులైంది మాత్రం ఈ ఇద్దరి దగ్గరే.

మన దగ్గరా కథ వేరు కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల పిల్లల్ని అడిగి 2007లో కేంద్రం విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, లైంగిక వేధింపులకు పాల్పడినవాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లే. ఎక్కువమంది పిల్లలు ఎవరికీ చెప్పలేదు. ‘బయట తెలిస్తే పరువేం కాను’ అనే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇదేమీ వింత కాదు. నేరం తెలిసీ ఫిర్యాదు చేయకపోతే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం శిక్ష ఉంది, పిల్లలకు మాత్రం మినహాయింపు. తోటి పిల్ల చెవిన పడ్డ రహస్యం ఎంత బరువో చట్టానికీ తెలిసినట్టుంది.

ఆ చెప్పడమూ తేలిక కాదు. లారీ హాల్స్ ఆండర్సన్ నవల ‘స్పీక్’ (ఇదీ 1999దే) ఈ విషయంలో ఇంకా నిక్కచ్చి. అత్యాచారం జరిగిందని మెలిండా పాత స్నేహితురాలు రేచల్‌కు లైబ్రరీలో కాగితం మీద రాసి చెబుతుంది. రేచల్ మొదట అయ్యో అంటుంది. చేసింది తను ఇప్పుడు తిరుగుతున్న కుర్రాడేనని తెలియగానే, కుళ్లుతో చెబుతున్నావని విరుచుకుపడి వెళ్లిపోతుంది.

తర్వాత ఐవీ అనే క్లాస్‌మేట్ మెలిండాను బాత్‌రూమ్‌కు లాక్కెళ్తుంది. దూరంగా ఉండాల్సిన అబ్బాయిలంటూ మెలిండా గోడ మీద రాసిన ఆ కుర్రాడి పేరు కింద, రకరకాల పెన్నులతో, రకరకాల చేతిరాతలతో మిగతా అమ్మాయిలు అతని గురించి రాసిన మాటలతో గోడంతా నిండిపోయి ఉంటుంది.